గుడి నిలిచింది, ఇళ్లు జాగాలో వచ్చాయి: బ్రూక్‌లైన్ సెయింట్ ఎయిడన్ కేస్ స్టడీ

"గుడిలో కాపురాలేంట్రా? సామి ఒప్పుకున్నాడా?" అని అడిగింది నాయనమ్మ ఫోన్లో.

మాది ఫిరంగిపురం పక్కన పల్లె. మా ఇంట్లో చర్చి అనే మాట పెద్దగా వాడరు, గుడి అనే అంటారు. పారిష్ అంటే విచారణ, అక్కడి ఫాదర్ విచారణ గురువులు. ఒకసారి అభిషేకం జరిగాక అది ఎప్పటికీ గుడేనని నాయనమ్మ నమ్మకం. కూలిపోతే కూలిపోవాలి గానీ అందులో ఎవరో స్టవ్ పెట్టి ఉల్లిపాయలు వేయించుకోవడం ఆమెకు మింగుడు పడలేదు.

నేను బోస్టన్‌లో ఆర్కిటెక్టుని. నా పనిలో ఎక్కువ భాగం పాత భవనాలే. మూతపడ్డ మిల్లులు, స్కూళ్లు, ఈ మధ్య చర్చిలు. చర్చి కొన్నవాళ్లు మా ఆఫీసుకి వచ్చి మొదట అడిగేది ఒకటే: "ఇంత పెద్ద హాలు ఖాళీగా ఉంది కదా, ఎన్ని ఫ్లాట్లు పడతాయి?" అప్పుడు నేను వాళ్లకి బ్రూక్‌లైన్‌లోని సెయింట్ ఎయిడన్ గురించి చెబుతాను. ఆ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. కానీ నోట్‌బుక్ పట్టుకుని దాని చుట్టూ చాలాసార్లు తిరిగాను. ఆ అడ్రస్‌లో ఇప్పుడు 59 ఇళ్లున్నాయి. చర్చి గోడల మధ్య వచ్చినవి వాటిలో కొద్దే, అదీ బాగా ఖరీదైనవి. మిగతావి చర్చి పక్క జాగాలో కొత్తగా లేచాయి. క్లయింట్లు దాటేసే లెక్క ఇక్కడే ఉంది.

ముందు ఊరు సంగతి

బ్రూక్‌లైన్‌ని బోస్టన్ నగరం దాదాపు మూడు వైపుల నుంచి చుట్టేసి ఉంటుంది. మ్యాప్ చూస్తే నగరంలో కలిసిపోవాల్సిన ముక్క అనిపిస్తుంది. కానీ 1705లో విడి టౌన్‌గా ఏర్పడిన ఆ ఊరు, 1873లో బోస్టన్‌లో కలవమంటే కుదరదని ఓటేసింది. చుట్టుపక్కల ఊళ్లు కొన్ని కలిసిపోయాయి, ఇది కలవలేదు. దాంతో సొంత పన్నులు, సొంత స్కూళ్లు, ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే సొంత జోనింగ్ నియమాలు మిగిలాయి. అమెరికాలో డబ్బున్న సబర్బ్, అంటే నగరం అంచు ఊరు, ఆ నగరం నుంచి విడిగా ఉండటానికి పాత ఉదాహరణగా ఇప్పటికీ దీన్నే చెబుతారు.

1880ల చివర్లో బీకన్ స్ట్రీట్‌ని వెడల్పు చేసి చెట్ల బాట వేశారు. డిజైన్ ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఆఫీసుది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ వేసినాయన, తర్వాత బ్రూక్‌లైన్‌లోనే ఇల్లు కొనుక్కున్నాడు. 1889లో ఆ బాట మధ్యలో ఎలక్ట్రిక్ ట్రామ్ వచ్చింది. ట్రామ్ వెంట ఇళ్లు, ఇళ్ల వెంట జనం. పైకొచ్చిన ఐరిష్ కేథలిక్ కుటుంబాలు ఉత్తర బ్రూక్‌లైన్‌లో ఇళ్లు కొనడం మొదలుపెట్టాయి. కేథలిక్కులకు పాత గుడి ఊరికి ఇంకో కొసన, బ్రూక్‌లైన్ విలేజ్‌లో ఉండేది. నడిచి వచ్చే దూరంలో కొత్త విచారణ కావాల్సి వచ్చింది.

అలా 1911లో ప్లెజెంట్ స్ట్రీట్, ఫ్రీమన్ స్ట్రీట్ కలిసే మూల దగ్గర సెయింట్ ఎయిడన్ మొదలైంది. ఎయిడన్ ఏడో శతాబ్దపు ఐరిష్ సన్యాసి. అయోనా ద్వీపం నుంచి ఇంగ్లండు ఉత్తరానికి వెళ్లి లిండిస్‌ఫార్న్‌లో మఠం పెట్టినాయన, 651లో చనిపోయాడు. ఇంగ్లిషు వాళ్లకు క్రైస్తవం నేర్పిన ఐరిష్ పునీతుడి పేరు! ఆంగ్లో ప్రొటెస్టెంట్ దొరల సబర్బ్‌లోకి కొత్తగా వచ్చిన ఐరిష్ వాళ్లు ఆ పేరు ఊరికే పెట్టుకున్నారని నేననుకోను.

కట్టినాయన ఆ గుడి మనిషే

డిజైన్ చేసింది మగినిస్ అండ్ వాల్ష్ సంస్థ. చార్లెస్ డోనా మగినిస్ 1867లో ఐర్లండులోని లండన్‌డెరీలో పుట్టాడు, కుర్రాడిగా ఈ ఖండానికి వచ్చాడు. బోస్టన్ కాలేజీలో గ్యాసన్ హాల్, వాషింగ్టన్‌లో నిష్కళంక మాత పేరిట ఉన్న జాతీయ దేవాలయం వీళ్ల సంస్థవే. 1937 నుంచి 1939 దాకా అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌కి అధ్యక్షుడిగా ఉన్నాడు, 1948లో వాళ్ల బంగారు పతకం అందుకున్నాడు. అంతటివాడు ఉండేది బ్రూక్‌లైన్‌లోనే, ఆదివారం పూజకు వెళ్లేది సెయింట్ ఎయిడన్‌కే. తను కూర్చునే గుడిని తనే గీసుకున్నాడు.

అందుకేనేమో ఆ భవనంలో ఆర్భాటం లేదు. అప్పట్లో కేథలిక్ గుడి అంటే పెద్ద శిఖరం, వీధి మీదికి దూసుకొచ్చే ముఖద్వారం. ఇక్కడ అవేవీ లేవు. ఇంగ్లండు పల్లెల్లోని పాత చర్చిలాగా నిటారు కప్పుతో, నేలకు దగ్గరగా, పక్క ఇళ్లతో పోటీ పడకుండా వీధి నుంచి కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. ముందు ఆకుపచ్చ జాగా, అందులో బీచ్ అనే జాతి పెద్ద చెట్టు. ఆ వెనక్కి జరగడం, ఆ ముందు జాగా దాదాపు తొంభై ఏడాదుల తర్వాత పెద్ద తగవుకి కారణమవుతాయని మగినిస్‌కి తెలిసి ఉండదు.

కెనడీల గుడి

సెయింట్ ఎయిడన్ పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఒక పసిబిడ్డ వల్ల. బీల్స్ స్ట్రీట్ 83వ నంబరు ఇంట్లో 1917 మే 29న జాన్ ఎఫ్. కెనడీ పుట్టాడు. మూడు వారాలకు, జూన్ 19న, ఈ గుడిలో జ్ఞానస్నానం ఇప్పించారు. మన దగ్గర ఇరవై ఒకటో రోజు బారసాల చేసినట్టు ఇంచుమించు. 1925లో పుట్టిన రాబర్ట్ కెనడీకి కూడా ఇక్కడే. తల్లి రోజ్ కెనడీ పిల్లల్ని షికారుకి తీసుకెళ్తూ మామూలు రోజుల్లోనూ గుడిలోకి ఒకసారి తీసుకెళ్లేదట, దేవుడు ఆదివారానికే పరిమితం కాడని వాళ్లకు అలవాటు కావాలని.

1966లో బీల్స్ స్ట్రీట్ ఇంటిని కెనడీ కుటుంబం మళ్లీ కొని, తల్లి జ్ఞాపకం ప్రకారం 1917 నాటిలా సర్దించి ప్రభుత్వానికి ఇచ్చింది. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే మ్యూజియం. గుడి అక్కడికి నడిచి వెళ్లే దూరమే. రెండూ ఒకే కథలోవి. అయితే పుట్టిన ఇల్లు చూడటానికి వెళ్లే చోటైంది, జ్ఞానస్నానం జరిగిన గుడి కాపురాల చోటైంది. నాకు రెండోదే నచ్చుతుంది, అయినా ఆ మాట ఆ మ్యూజియం గైడ్‌తో అనకండి.

1999: తాళం

మన కేథలిక్ ఊళ్లలో గుడి మూతపడటం అంటే ఊహకందదు. మా వైపు మేత్రాసనాల (ఒక్కో బిషప్పు కింద ఉండే విచారణల గుంపుల) నుంచి ఎంతోమంది ఫాదర్లు అమెరికా విచారణల్లో పనిచేయడానికి వస్తున్నారు. వాళ్లొచ్చేది ఇక్కడ గురువులు చాలక. గురువులు తగ్గారు, పూజకొచ్చేవాళ్లు తగ్గారు. ట్రామ్ కాలంలో నడక దూరానికొకటి చొప్పున కట్టిన గుళ్లకు కప్పు మరమ్మతులు, శీతాకాలం హీటింగ్ బిల్లు మాత్రం తగ్గలేదు. ఆ ప్రాంతపు కేథలిక్ విచారణలన్నిటి మీదా అధికారం ఉన్న బోస్టన్ అగ్రపీఠం 1999లో సెయింట్ ఎయిడన్‌ని మూసేసింది.

ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి. గురువుల లైంగిక వేధింపుల కుంభకోణం బయటపడింది 2002 జనవరిలో. 65 విచారణలు మూస్తున్నామని అగ్రపీఠం ప్రకటించింది 2004 మేలో. ఆ రెండోసారి జనం ఊరుకోలేదు. సిచుయేట్ అనే సముద్రతీరపు ఊళ్లో ఒక గుడి భక్తులు వంతులు వేసుకుని రాత్రింబగళ్లు లోపలే ఉండి 11 ఏళ్లకు పైగా, 2016 దాకా, తాళం పడనివ్వలేదు. సెయింట్ ఎయిడన్ దీనికంతటికీ ముందటిది. అప్పటికి ఇంకా గుడి అమ్మకం అంటే 'పరిహారం డబ్బుల కోసం' అనే అనుమానం పుట్టలేదు. అదే ఐదేళ్లు ఆలస్యమై ఉంటే ఈ కథ వేరేలా నడిచేదని నా అంచనా.

సామి ఒప్పుకున్నాడా?

నాయనమ్మ ప్రశ్నకి జవాబుంది. చర్చి చట్టంలో 1222వ నియమం దీని గురించే. గుడిని ఇక పూజకు వాడటం కుదరక, బాగు చేయడానికీ దారి లేనప్పుడు, లేదా వేరే గట్టి కారణం ఉన్నప్పుడు పీఠాధిపతి దాన్ని లౌకిక వాడకానికి వదిలేయవచ్చు. ఒక షరతు: ఆ వాడకం నీచమైనది కాకూడదు. ఇల్లు నీచం కాదు. నైట్‌క్లబ్బా అంటే అక్కడ మళ్లీ చర్చ. అందుకే అమ్మేటప్పుడు అగ్రపీఠాలు దస్తావేజులోనే ఫలానా పనులకు వాడకూడదని రాయించుకుంటాయి.

ఇంకో నియమం ఉంది, మాలాంటి వాళ్లకు పని పెట్టేది. గుడి లౌకికమైపోయినా బలిపీఠం పవిత్రత పోదు. కనుక బలిపీఠాన్ని, అందులో పొదిగిన పునీతుల అవశేషాలను, జ్ఞానస్నానపు తొట్టిని, కొన్నిచోట్ల రంగు అద్దాలను కూడా ముందే తీసేస్తారు. మా చేతికి వచ్చేసరికి అది గుడి ఆకారంలో ఉన్న పెద్ద షెడ్డు. నేను మొదటిసారి అలాంటి హాల్లో అడుగుపెట్టినప్పుడు చెప్పులు విప్పబోయాను. కాంట్రాక్టర్ నా వైపు వింతగా చూశాడు, అక్కడంతా మేకులు.

ఈ సంగతంతా చెప్పాక నాయనమ్మ అంది: "అయితే సామిని ముందే వేరే ఇంటికి పంపేశారన్నమాట." అంతకన్నా బాగా ఆ నియమాన్ని నేను చెప్పలేను.

పదేళ్ల తగవు

మూసేసిన జాగాని అగ్రపీఠం బయటి బిల్డర్‌కి అమ్మలేదు. 1969 నుంచి అందుబాటు ధర ఇళ్లు కట్టిస్తున్న లాభాపేక్ష లేని సంస్థ ఒకటి అగ్రపీఠానికి ఉంది, పేరు ప్లానింగ్ ఆఫీస్ ఫర్ అర్బన్ అఫైర్స్. పని దానికి అప్పగించారు. బ్రూక్‌లైన్‌లో ఇళ్ల ధరలు టీచర్లకు, నర్సులకు, ఫైర్ సిబ్బందికి అందవు. అక్కడ చవక ఇళ్లు కట్టడం మంచి పనే. మొదటి ఆలోచనలో ఇళ్ల సంఖ్య ఇప్పటికంటే చాలా ఎక్కువ, చర్చి కూల్చివేత కూడా అందులో భాగమే.

అంతే, వీధి లేచింది. కెనడీకి జ్ఞానస్నానం జరిగిన చోటు, మగినిస్ గీసిన గుడి, దాన్ని కూల్చడమా అని ఒక వర్గం. ఇన్ని ఇళ్లు, ఇన్ని కార్లు మా వీధి మోయలేదని ఇంకో వర్గం. అప్పట్లో బ్రూక్‌లైన్‌లో రాత్రిపూట కారు వీధిలో వదిలేసి నిద్రపోవడానికి లేదు, దశాబ్దాలుగా నిషేధం ఉండేది. కాబట్టి ప్రతి కొత్త ఇంటికీ కారు ఎక్కడ పెడతారన్నది ఆ ఊళ్లో నిజంగా టెన్షన్ పెట్టే ప్రశ్న. చాలాసార్లు ఈ రెండు వర్గాలూ ఒకే మనిషిలో ఉంటాయి. చరిత్ర మీద ప్రేమ ఎంత, పార్కింగ్ మీద బెంగ ఎంత అని విడదీసి చూడటం ఎవరి వల్లా కాదు. నేను హాజరయ్యే పబ్లిక్ హియరింగుల్లోనూ ఇదే. మైకు ముందు చరిత్ర, కారిడార్‌లో పార్కింగు.

ఇక్కడ మన వాళ్లు తరచుగా పొరబడే విషయం ఒకటి చెప్పాలి. సెయింట్ ఎయిడన్ 1985లోనే చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో చేరింది. రిజిస్టర్‌లో ఉంటే కూల్చకూడదు కదా అని అడుగుతారు. కూల్చొచ్చు. యజమాని సొంత డబ్బుతో ఏం చేసుకున్నా ఆ రిజిస్టర్ ఆపదు, అది గౌరవ పట్టిక మాత్రమే. ఫెడరల్ డబ్బు గానీ అనుమతి గానీ మధ్యలోకి వస్తేనే సమీక్ష మొదలవుతుంది. గట్టిగా పట్టుకునేది స్థానిక చట్టం. అందులోనూ మసాచుసెట్స్‌లో చర్చిలకు వేరే దారి ఉంది. 1990లో రాష్ట్ర సుప్రీం కోర్టు, బోస్టన్ సౌత్ ఎండ్‌లో జెస్యూట్ సభ ఫాదర్లు నడిపే గుడి కేసులో, పూజ జరిగే చోటు లోపలి భాగాన్ని మార్చకూడని చారిత్రక ల్యాండ్‌మార్క్ అని కట్టేయడం మతస్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు చెప్పింది. బలిపీఠం ఎక్కడుండాలో నగర కమిషన్ చెప్పకూడదన్నది దాని సారం. ఆ గుడి కూడా తర్వాత మూతపడి అపార్ట్‌మెంట్లయింది.

రెండో వైపు, అంటే ఇళ్లు కట్టేవాళ్ల చేతిలో, ఉన్న ఆయుధం 40బి. 1969లో వచ్చిన రాష్ట్ర చట్టం. ఊళ్లోని ఇళ్లలో పదో వంతు కూడా అందుబాటు ధరవి కాకపోతే, కొత్త ప్రాజెక్టులో కనీసం నాలుగో వంతు ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు పెట్టే బిల్డర్, ఊరి జోనింగ్ నియమాలను పక్కనపెట్టి ఒకే సమగ్ర అనుమతి అడగొచ్చు. ఊరు కాదంటే రాష్ట్ర కమిటీకి అప్పీలు. డబ్బున్న సబర్బుల నోట్లో ఈ పేరు చేదుమాత్ర. 2010లో దీన్ని రద్దు చేయాలని రాష్ట్రమంతా ఓటింగ్ పెట్టారు, జనం రద్దుకి ఒప్పుకోలేదు.

సెయింట్ ఎయిడన్ 40బి దారిలోనే వెళ్లింది. అలాగని ఊరు శత్రువు కాలేదు. బ్రూక్‌లైన్ టౌన్ తన హౌసింగ్ నిధి నుంచి డబ్బు కూడా పెట్టింది. ప్లాన్ మారింది: చర్చి నిలుస్తుంది, ముందు జాగా, బీచ్ చెట్టు ఉంటాయి, ఇళ్ల సంఖ్య 59కి దిగుతుంది. అయినా పొరుగువాళ్లలో కొందరు కోర్టుకెళ్లారు, సంవత్సరాలు కరిగిపోయాయి. 1999లో తాళం పడ్డ గుడి దగ్గర జనం కాపురాలు మొదలుపెట్టేసరికి దాదాపు పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లను ఎలా చూడాలి? డెవలపర్లు నాకు చెప్పేది, ఆలస్యమంతా వృథా ఖర్చని. నేను సగమే ఒప్పుకుంటాను. మొదటి ప్లాన్ కట్టి ఉంటే చర్చి ఉండేది కాదు. కెనడీ పేరు లేకపోతే ఆ భవనాన్ని కాపాడటానికి అంత గొంతు లేచేదీ కాదు. ఇంత మంచి భవనాలు, అధ్యక్షుడెవరూ అక్కడ జ్ఞానస్నానం పొందనందుకు, ఇదే బోస్టన్ చుట్టూ చడీచప్పుడు లేకుండా నేలమట్టమయ్యాయి.

59 లెక్క

ఇదీ పంపకం: 20 ఇళ్లు తక్కువ ఆదాయం వాళ్లకు అద్దెకు. 16 ఇళ్లు మధ్యతరగతికి, నియంత్రిత ధరకు అమ్మకం. 23 ఇళ్లు మార్కెట్ ధరకు అమ్మకం. అంటే 59లో 36 అందుబాటు ధరవి, నూటికి 61 వంతు. చట్టం అడిగేది 25.

ఎలా సాధ్యమైంది? మొదటిది, జాగా చర్చిదే. బ్రూక్‌లైన్‌లో ప్రాజెక్టును ముంచేది నేల ధరే. రెండోది, టౌను, రాష్ట్రం సాయం. మూడోది, ఆ 23 ఇళ్ల మార్కెట్ ధర. చర్చి భవనం లోపలి ఇళ్లు ఈ మూడో గుంపువి. కొత్త భవనంలో అద్దె ఇల్లు కట్టడం మామూలు పని: చెక్క ఫ్రేము, ఎనిమిది తొమ్మిది అడుగుల సీలింగు, ఒకదాని మీద ఒకటి బాత్రూములు. చర్చి లోపల కట్టే ఇల్లు ఒక్కొక్కటీ ప్రత్యేకం, ప్రతిదానికీ కొత్త డ్రాయింగ్. ఆ ఖర్చు పెట్టుకోగలిగేది "కప్పు దూలాల కింద నిద్రపోతాను" అనే ముచ్చట కోసం డబ్బిచ్చే కొనుగోలుదారు మాత్రమే.

కొందరికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. పేదలకు పక్క బిల్డింగు, ధనికులకు గుడి. నాకూ మొదట అలాగే అనిపించింది. లెక్క వేసి చూశాక మనసు మారింది. ఆ 20 అద్దె ఇళ్లను పట్టుబట్టి చర్చిలో దూర్చి ఉంటే, అందులో సగం కూడా పట్టేవి కావు, వాటి హీటింగ్ ఖర్చే అద్దెను మింగేసేది.

పన్ను రాయితీ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. చారిత్రక భవనం బాగు చేస్తే ఫెడరల్ ప్రభుత్వం ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇస్తుంది కదా అని క్లయింట్లు హుషారుగా వస్తారు. అది ఆదాయం తెచ్చే ఆస్తికే, అంటే అద్దెకిచ్చేదానికి. అదీ కనీసం ఐదేళ్లు చేతిలో ఉంచుకోవాలి. కాండోలుగా, అంటే విడివిడి సొంత ఫ్లాట్లుగా, అమ్మేసేదానికి రాదు. పోనీ అద్దెకే ఇద్దామంటే, ఆ రాయితీ పరిశీలించే వాళ్లు చర్చి హాలు విశాలం అలాగే కనబడాలంటారు. హాలుని అంతస్తులుగా కోస్తే ఇళ్లొస్తాయి, రాయితీ పోతుంది. కోయకపోతే రాయితీ వస్తుంది, ఇళ్లుండవు. ఈ ఇరకాటంలో ఎన్ని ప్రాజెక్టులు నా టేబుల్ మీదే ఆగిపోయాయో.

హాలుని కోస్తే ఏమవుతుంది

ఇక మా పని. జనం కూర్చునే ఆ పెద్ద హాలుని నేవ్ అంటారు. బయటి నుంచి చూస్తే నాలుగు అంతస్తులు సులువుగా పడతాయనిపిస్తుంది. పేపరు మీద సెక్షన్, అంటే భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, గీయగానే మూడు చిక్కులు బయటపడతాయి: కిటికీ, మెట్లు, తడి.

కిటికీ గురించి నా సొంత తప్పే చెబుతాను. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక చిన్న చర్చి మార్చే పనిలో నేను జూనియర్‌ని. కిటికీలు 14 అడుగుల ఎత్తు, పైన మొన తేలినవి. మా కొత్త ఫ్లోరు సరిగ్గా కిటికీ నడుమ తగిలింది. అంటే కింది ఇంటివాడికి అద్దం పై సగం ఉండదు, పై ఇంటివాడికి మోకాళ్ల దగ్గర మొదలై నెత్తి పైన మొన తేలుతుంది. వీధిలోంచి చూస్తే అద్దం వెనక అడ్డంగా ఫ్లోరు అంచు, పట్టీ కట్టిన కన్నులాగా. నేను తెలివిగా ఫ్లోరుని అద్దం నుంచి మూడడుగులు వెనక్కి జరిపి గీశాను, వెలుతురు కిందికి జారుతుందని. బాస్ మెచ్చుకున్నాడు. ఫైర్ రివ్యూలో ఇన్‌స్పెక్టర్ ఒక్కటే అడిగాడు: "కింది ఇంట్లో నిప్పంటుకుంటే ఈ సందులోంచి పై ఇంటికి వెళ్లదా?" రెండు వేర్వేరు ఇళ్ల మధ్య అలాంటి సందు ఉండకూడదు. దారి ఒక్కటే, కిందా పైనా కలిపి ఒకే ఇల్లు చేయడం. 14 ఇళ్లనుకున్నవి 11 అయ్యాయి. బ్యాంకు వాళ్లకు ఆ లెక్క చెప్పిన రోజు నేను మీటింగుకి వెళ్లలేదు, జలుబని చెప్పాను.

చర్చిల్లో ఇళ్లు ఎక్కువగా రెండు మూడు లెవెల్స్‌లో ఉండటానికి అసలు కారణం ఇదే. అమ్మేవాళ్లు 'డ్యూప్లెక్స్ లగ్జరీ' అంటారు. అది లగ్జరీ కోసం పుట్టింది కాదు, కిటికీ వల్ల వచ్చింది. ఇంగ్లండు పల్లె తరహా చర్చిల్లో ఇంకో తిరకాసు: పక్క గోడ పొట్టిగా, కప్పు పొడుగ్గా ఉంటుంది. పై అంతస్తుకి గోడే ఉండదు, కప్పులో కిటికీలు తెరవాలి. ఎక్కడ తెరిచినా, పాత భవనాల మార్పులకు అనుమతిచ్చే స్థానిక చరిత్ర కమిషన్‌కి అవి వీధిలోంచి కనబడకూడదు.

మెట్లంటే రెండు దారులు కావాలి, లిఫ్ట్ కావాలి, స్ప్రింక్లర్లు కావాలి. భవనం వాడకం 'సభ' నుంచి 'నివాసం'కి మారగానే భవన నిర్మాణ నియమాల కోడ్ దాన్ని కొత్త కళ్లతో చూస్తుంది. ఒక ఊరట ఉంది. చర్చి నేల గుంపు జనం బరువుకి కట్టింది, ఇంటి బరువు అంతకన్నా తక్కువే. కాబట్టి కింది ఫ్లోరుతో గొడవ ఉండదు. పైన వేసే కొత్త ఫ్లోర్లను మాత్రం పాత గోడలకు వేలాడదీయం. లోపల వేరే స్తంభాలు, వాటి కింద వేరే పునాదులు. గుడి లోపల ఇంకో భవనం నిలబెడతాం, పాత గోడ దానికి చొక్కా లాంటిది.

తడి అన్నిటికన్నా మోసకారి. అదే 11 ఇళ్ల ప్రాజెక్టులో మొదటి జనవరి. పై ఇంటావిడ ఫోన్ చేసి "మీ చర్చికి చెమట పడుతోంది" అంది. వెళ్లి చూస్తే దూలాల సందుల్లో నీటి బొట్లు వరుసగా వేలాడుతున్నాయి, కింద సోఫా మీద తువ్వాళ్లు పరిచి ఉన్నాయి. కప్పు కారడం లేదు. బయట మైనస్ 15, లోపల స్నానాలు, వంటలు, బట్టల డ్రయ్యర్. ఆవిరి పైకెళ్లి చల్లటి చెక్క తగిలి నీరవుతోంది. వందేళ్లు ఆ చెక్క పొడిగా ఉందంటే, వందేళ్లు అక్కడ ఎవరూ కాపురం చేయలేదు కాబట్టి. వారానికి నాలుగైదు గంటలు మనుషులు ఊపిరి పీల్చి వెళ్లిపోయే చోట ఇప్పుడు రోజూ పప్పు ఉడుకుతోంది. చివరికి కప్పు పెంకులు లేపి, పై నుంచి ఇన్సులేషన్ వేయాల్సి వచ్చింది. అంచు కొన్ని అంగుళాలు మందమైంది, దానికి మళ్లీ కమిషన్ అనుమతి.

పాత గోడకి లోపలి నుంచి ఇన్సులేషన్ దట్టంగా వేసినా ఇలాంటిదే. ఇంటి వేడి గోడకు అందదు, గోడ మంచు కాలమంతా గడ్డకట్టి కరుగుతూ పగుళ్లిస్తుంది. ఎంత వేయాలన్నది గోడ గోడకీ మారుతుంది, ముందే పరీక్షించాలి. క్లయింట్లు కోసేయమనే మొదటి ఖర్చు అదే పరీక్ష.

సెయింట్ ఎయిడన్ మొదటి ప్లాన్ ఇప్పటికీ నేను క్లయింట్లకు చూపించే హెచ్చరిక. కూల్చి ఎక్కువ కట్టడం, కూల్చకుండా హాల్లో ఎక్కువ దూర్చడం, రెండూ తప్పు దారులే. చివరికి వచ్చింది మూడోది. హాలులో తక్కువ ఇళ్లు, చర్చి పక్క జాగాలో ఎక్కువ ఇళ్లు. చర్చి కొనబోయేవాళ్లు ముందు కొలవాల్సింది కప్పు ఎత్తు కాదు, కాంపౌండు గోడ. చుట్టూ జాగా లేని చర్చి తెచ్చి నాకు చూపిస్తే, గుడి కోసం వెతుకుతున్న మన తెలుగు సంఘం ఏదైనా ఉంటే వాళ్లకు అమ్మండి అని సలహా ఇస్తాను. జోక్ కాదు. ఈ దేశంలో పాత చర్చిలు కొని గుళ్లు చేసుకున్న హిందూ సంఘాలున్నాయి. హాలు హాలుగానే ఉంటుంది, కిటికీ కోయనక్కర్లేదు.

నియంత్రిత ధరకు అమ్మిన ఆ 16 ఇళ్లకు లాటరీ పెట్టారు. వాటి దస్తావేజులో షరతు ఉంటుంది. మళ్లీ అమ్మినా లెక్క ప్రకారమే అమ్మాలి, మార్కెట్ ధరకు కాదు. ఈ సంగతి విన్నాక నాయనమ్మ నన్ను అడిగింది: "మరి నువ్వు కొనుక్కోలేకపోయావా?"

"అది కట్టినప్పుడు నేనింకా ఇక్కడికి రాలేదు, నాయనమ్మా. ఇప్పుడు వాటిలో ఒకటి అమ్మకానికొచ్చినా నా జీతం లాటరీ పరిమితి దాటిపోతుంది."

"అయితే గుడిలో ఇల్లే కొను."

"దానికి నా జీతం చాలదు."

ఫోన్లో కాసేపు నవ్వింది. తర్వాత అద్దె ఎంత కడుతున్నావని అడిగింది. చెప్పలేదు.